ముందే పాడిన మంగళం

“దిగండిరా కిందికి! ఉదయకేతు బాబుని చంపుతా ఉండేది ఆ గుడ్లగూబ మొగం మాంత్రికుడు కాదు, మీరు! ఆ బురుజు మీద చాపలేసుకుని కూర్చొని, తాంబూలం నములుతా, కాని పెళ్ళికి ముందే మంగళం పాడినారే, మీరు! కథాపీఠం పండితుల్లారా, మీ నాలుకలే ఆయన్ని రాయి చేస్తా ఉండాయి. దిగండి!”

నీలగండి కోట ఉత్తరద్వారం ముందు నిలబడి కొమ్మసాని భేరీ బురుజుకేసి రాయి విసిరింది. రాయి సగం దూరం కూడా పోలేదు. ఇంకొకటి విసిరింది. ఆమె వెనక గుర్రం నురగలు కక్కుతూ మోకాళ్ళ మీద కూలింది. ఆమె తలపాగా ఎక్కడో జారిపోయింది, ఎడమ చెంప మీద ముళ్ళు గీరిన రక్తం ఎండి అట్టకట్టింది. బురుజు మీద మాత్రం ఎవరూ లేరు. పండితులందరూ పెళ్ళి పందిట్లో ఉన్నారు. కోట లోపలి నుంచి సన్నాయి వినిపిస్తోంది.

సన్నాయి వినగానే కొమ్మసాని మూడో రాయి విసరబోయి ఆగింది. అంటే ఆ మాంత్రికుడు ఆమెకంటే ముందే చేరాడన్నమాట.

ఈ కొమ్మసాని నీలగండి సైన్యంలో వేగు. కొండదారులు ఆమెకు అరచేతి గీతల్లా తెలుసు. ఘూకాక్షుడనే మాంత్రికుడు కోటలోని జలమణిని ఎత్తుకుపోయాక నీలగండిలో బావులు అడుగంటాయి, చెరకు తోటలు చీపురుపుల్లలైపోయాయి. మణిని తెస్తానని చంద్రవంక దేశం యువరాజు ఉదయకేతు ముందుకొచ్చాడు. రాజు రణధీరమల్లుడు అతనికి దారి చూపమని కొమ్మసానిని పంపాడు. అంతవరకూ బాగానే ఉంది. పాడుచేసింది ఆచారం.

ఏ దేశంలోనైనా కథ అయ్యాక మంగళం పాడతారు. నీలగండిలో వీరుడు గడప దాటకముందే పాడతారు! దానికి ముందుమంగళం అని పేరు. కథాపీఠం పెద్ద వాగీశ భట్టు తంబుర మీటి, ఎవరు ఎవర్ని పెళ్ళాడతారో, ఎవరు తిరిగొస్తారో, ఎవరు దారిలో పోతారో ముందే చెప్పేస్తాడు. భేరీలు మోగుతాయి, మంగళంలో పేరున్న పెళ్ళికొడుకు మీద కత్తి ఎత్తబోమని భటులు ప్రమాణం చేస్తారు. ఆ పాట సాయంత్రానికల్లా బజారెక్కుతుంది, కల్లు దుకాణం చేరుతుంది, కొండల మీది గొర్రెల కాపరుల నోళ్ళలో పడుతుంది. ఈసారి పాడింది ఇదీ:

*జయమంగళం! కుముద్వతి చెయ్యి పట్టు ఉదయకేతు,*
*జయమంగళం! తేనెలొలుకు మాటలవాడు తిరిగివచ్చు,*
*కొండమలుపున కన్నుమూయు కొమ్మసాని,*
*పెండ్లి పందిట సేసలు రాలు, జయమంగళం!*

“ఎవరమ్మా అది, పండగపూట గొడవ?” అంటూ ద్వారం మీది కిటికీలోంచి దొడ్డప్ప తల బయటికి పెట్టాడు. కాపలాదారుల్లో పాతవాడు, కొమ్మసానితో కలిసి గంజి తాగినవాడు. ఆమెను చూసి తల లోపలికి లాక్కుని, మళ్ళీ మెల్లగా బయటికి పెట్టాడు.

“తలుపు తియ్యి దొడ్డప్పా! లోపల పీటల మీద కూర్చున్నోడు ఉదయకేతు కాదు!”

“కొమ్మసానీ... నువ్వు సచ్చిపోయినావు గదమ్మా!”

“ఏంది?”

“పాటలో. కొండమలుపు కాడ. మేమంతా ఏడ్సినాం గూడా. మా ఆడది నీ పేరు సెప్పి ఇద్దరికి అన్నం పెట్టింది.”

“ఒరే, బతికుండాను రా! చూడు, నిలబడుండాను, తిడతా ఉండాను!”

“దయ్యాలు తిట్టవా ఏంది?” పక్కనుంచి ఇంకొకడు, సిద్ధన్న, వణుకుతూ అన్నాడు. “బతికుండంగా నువ్వు శానా తిట్టేదానివి. సచ్చినాక అలవాటు యాడికి పోతాది? ఒరే దొడ్డా, కిటికీ మూసెయ్యి! పెళ్ళిపూట దయ్యం గడప దాటితే మన తలకాయలు ఎగిరిపోతాయి!”

“దొడ్డప్పా! నీ పెద్దబిడ్డ పురిటికి మంత్రసానిని అడివి దాటించి తెచ్చింది ఎవరు రా?”

“నువ్వే తల్లీ. నీ ఆత్మకి శాంతి కలగాల.”

కిటికీ ధడాలున మూసుకుంది. లోపల గడియ పడ్డ చప్పుడు. ఆ మీదట వేపమండలు తెమ్మని కేకలు.

కొమ్మసాని గుప్పిట్లోని రాయిని నేలకేసి కొట్టింది. బతికున్న మనిషి ఎదురుగా నిలబడి అరుస్తుంటే, పాటలో చచ్చింది కాబట్టి తలుపు తియ్యరట! ఘూకాక్షుడి గుహలో జరిగింది కూడా సరిగ్గా ఇదే, కంటి ముందున్నదాన్ని వదిలి పాటను నమ్మడం. అక్కడ తిరగబడిన కథే ఇక్కడా తిరగబడుతోంది.

నిన్న పొద్దున ఘూకాక్షుడి గుహ ముందు ఉదయకేతు కవచం విప్పి చెట్టుకొమ్మకు తగిలించాడు. “ఏం చేస్తా ఉండారు బాబూ, పిచ్చా?” అని ఆమె అరిచింది. అతను నవ్వాడు. మంచి నవ్వు. అతని మాట మాత్రం ఎప్పుడూ మొదట్లోనే తట్టుకుని ఆగేది, ఏరు దాటే మనిషి మొదటి రాయి మీద తడబడినట్టు. “పా... పా... పాటలో నా పెళ్ళి ఉంది కదా కొమ్మసానీ. పె... పెళ్ళి కాకుండా నే... నేనెలా పోతాను? బ... బరువు దేనికి?” అన్నాడు. ఆమెకేసి తిరిగి, “ను... నువ్వు లోపలికి రావద్దు. నీ చ... చరణం నాకు నచ్చలేదు,” అన్నాడు. తను చస్తుందని పాడారు కాబట్టి ఆమెను బయట నిలబెట్టి, తను చావడని పాడారు కాబట్టి వట్టి ఛాతీతో లోపలికి పోయాడు ఆ వెర్రి మహానుభావుడు.

కొమ్మసాని ఆగుతుందా? వెంటే దూరింది.

ఆ గుహ ఎలా ఉందని! పైకప్పు నిండా స్ఫటికాలు తలకిందులుగా వేలాడే దీపాల్లా వెలుగుతున్నాయి. గోడల నిండా రాతి మనుషులు. కిరీటాలతో కొందరు, పూలదండలతో కొందరు, చేతులు చాచి ఎవరికో స్వాగతం చెబుతున్నట్టు నవ్వుతూ నిలబడ్డవాళ్ళు కొందరు. నడుమ వెండి వలలో జలమణి, లోపల అల ఎగసి విరుగుతున్నట్టు మెరుస్తోంది. దాని ముందు ఘూకాక్షుడు, ముఖం నిండా కళ్ళే ఉన్న ముసలివాడు, అతిథి కోసం పీట వేసినట్టు ఎదురుచూస్తున్నాడు.

“రా పెళ్ళికొడుకా, రా. మీ భేరీలు నా గుహ దాకా వినిపిస్తాయి. ఈసారి ఎవరి వేషం కుట్టించుకోవాలా అని నేనెప్పుడూ వెతుక్కోలేదయ్యా. మీ భట్టు కొలతలతో సహా పంపిస్తాడు!”

చేత్తో గాలిలో ఒక్క గుంజు గుంజాడు. ఉదయకేతు ఒంటి మీంచి నీడ లాంటిదేదో ఊడొచ్చింది. చేప చర్మం వలిచినట్టు! మాంత్రికుడు దాన్ని తొడుక్కున్నాడు. చూస్తుండగానే అదే ముక్కు, అవే భుజాలు, అదే నవ్వు. ఇటు ఉదయకేతు పాదాలు బూడిదరంగుకు తిరిగాయి. తర్వాత పిక్కలు. “నీ రూపం నా మీద ఉన్నంతసేపూ రాయే నీ రూపం,” అన్నాడు మాంత్రికుడు కొత్త నోటితో. “రేపు పొద్దు గుంకేసరికి గొంతు దాటుతుంది. అప్పటికి నీలగండి కోట తాళాలు నా మొలలో ఉంటాయి.” మణిని కూడా సంకలో పెట్టుకున్నాడు. కోటే చేతికొస్తుంటే మణి తిరిగివ్వడానికి వాడికేం నొప్పి? గద్దలా ఎగిరిపోయాడు. కొమ్మసాని కత్తితో ఆ రాతిని కొట్టింది, కత్తి విరిగింది. “పో...” అన్నాడు ఉదయకేతు. “పో... పో...” ఆ మాట ఒక్కటే పూర్తయింది. ఆమె పరుగందుకుంది.

ఇప్పుడు చూస్తే మూసిన తలుపు.

పొద్దు నడినెత్తి దాటి పడమటికి ఒరుగుతోంది. రాయి ఈపాటికి అతని నడుము దాటి ఉంటుంది. కొమ్మసాని గోడ వెంట పరిగెత్తింది. కందకంలో నీళ్ళు లేవు, బురద పగుళ్ళిచ్చి ఉంది. కోట గోడ కింద పాత తూము నోరు తెరుచుకుని కనిపించింది. జలమణి గద్దె నుంచి కోట నడిబొడ్డున నీళ్ళు చిమ్మే జలయంత్రానికీ, అక్కడి నుంచి పొలాలకూ నీళ్ళు పోయే తూము అది. మణి పోయిన్నాటి నుంచి ఎండిపోయింది. అందులో నక్కలు ఈనుతున్నాయి. ఆమె ఇంకేం ఆలోచించలేదు, తల దూర్చింది.

లోపల చీకటి. మోచేతులతో పాకాలి. ఎముకలు, గబ్బిలాల రెట్ట, కుళ్ళిన ఆకుల కంపు. నడుమ ఒక చోట ఏదో మెత్తగా కదిలి బుస కొట్టింది. “నువ్వు కూడా పాట విన్నావా ఏంది? నేను కొండమలుపులో చావాల, ఈడ కాదు. జరుగు!” అని కసిరి, చేతికందిన ఎముకతో దాన్ని పక్కకు నెట్టి ముందుకు పాకింది. సన్నాయి ఇప్పుడు నెత్తి మీదే మోగుతోంది. డోలు గట్టిగా పడింది. గట్టిమేళం కాదు, దానికి ముందు వాయించే మణిప్రతిష్ఠ మేళం.

మణిప్రతిష్ఠ! మణిని గద్దె మీద పెడుతున్నారు. మణి గద్దెనెక్కితే...

ముందు చల్లటి గాలి ముఖానికి కొట్టింది. తర్వాత దూరంగా, వెయ్యి గుర్రాలు ఒక్కసారి తొక్కినట్టు చప్పుడు. పక్కకు జరగడానికి చోటు లేదు, వెనక్కి తిరగడానికి వీల్లేదు. ఎడమ వైపు జలయంత్రానికి పోయే చిన్న పాయ చేతికి తగిలింది. ఊపిరి బిగబట్టి అందులోకి దూరేలోగా నీళ్ళు వచ్చి పడ్డాయి. కోడిపిల్లను గద్ద తన్నుకుపోయినట్టు తీసుకుపోయాయి. తల రాతికి కొట్టుకుంది, చెవుల్లో గంటలు మోగాయి, నోట్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. ఆపైన పైకి, ఇంకా పైకి...

ఆ పందిరి వైభవం చెప్పాలి. పచ్చకర్పూరం కలిపిన సున్నం పూసిన స్తంభాలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య మొగలిరేకుల జడలు, పైన పట్టుచాందినీ మీద ముత్యాలతో కుట్టిన హంసలు. నడుమ పాలరాతి జలయంత్రం, దానిలో ఏడు తలల నాగు పడగలు విప్పుకుని నిలబడింది. ఎండిపోయిన ఆ పడగల్లోంచి మళ్ళీ నీళ్ళు చిమ్మితే చూడాలని ఊరు ఊరంతా మెడలు సాచుకుని ఉంది. “అదిగో! అదిగో!” అన్నారు. నీళ్ళు చిమ్మాయి. చప్పట్లు మోగాయి. నీళ్ళ వెనకే తొట్టి అడుగు పగిలి, బురదలో, గబ్బిలాల రెట్టలో మునిగిన కొమ్మసాని పైకెగిరి పెళ్ళివారి నడుమ పడింది.

“దయ్యం!” ఎవరో పెద్దమనిషి కేక. సన్నాయి ఊదేవాడు ఊపిరి మింగాడు. పళ్ళేలు దొర్లాయి.

కొమ్మసాని నీళ్ళు కక్కుకుని లేచింది. పెళ్ళి అరుగు మీద చందనపు పీటలు. ఒక పీట మీద ఎర్రచీరలో రాజకుమారి కుముద్వతి. ఇంకో పీట మీద ఉదయకేతు రూపంలో వాడు. పక్కనే రణధీరమల్లుడు కోట తాళాల గుత్తిని వెండిపళ్ళెంలో పెట్టుకుని నిలబడ్డాడు. పీటల మీదే అల్లుడి చేతికి తాళాలు ఇవ్వడం నీలగండి పద్ధతి.

“ప్రభూ, ఆగండి! వాడు ఘూకాక్షుడు! ఉదయకేతు బాబు గుహలో రాయైపోతా ఉండారు!”

వాగీశ భట్టు తంబుర పక్కన పెట్టకుండానే చెయ్యి ఎత్తాడు. జరీ శాలువా, నుదుట నిండు విభూతి, ఎంత గొడవలోనూ చెదరని గొంతు. “మహాప్రభువులు కలతపడవద్దు. కొమ్మసాని మరణం మంగళంలో ఉంది. ఇది ఆమె ప్రేతం. కథ మధ్యలో ఇలాంటి విఘ్నం రావడం సహజం. ముగింపు మనకు తెలుసు కదా!”

“నీ ముగింపు నిప్పుల్లో పడ! మధ్యలో మనుషులుండారయ్యా!”

“చూశారా, ప్రేతభాష,” అన్నాడు భట్టు చుట్టూ చూస్తూ. కొందరు నవ్వారు. “అమ్మా, ముందుమంగళం దేనికో తెలుసా? జనానికి భరోసా కోసం. చివర పెళ్ళి ఉందని తెలిస్తే, నడుమ పాములొచ్చినా పులులొచ్చినా ఎవరూ భయపడరు.”

“భయపడాల్సిన చోట భయపడకపోతే సస్తారు భట్టూ! ఆ బాబు నీ పాట నమ్మి కవచం విప్పేసినాడు. వీళ్ళు నీ పాట నమ్మి తలుపు తీసి మాంత్రికుణ్ణి పల్లకీలో తెచ్చుకున్నారు. పెళ్ళికొడుకు ఎవరో ముందే ఊరంతా చాటితే, దొంగకి ఏ వేషం కట్టాలో చెప్పినట్టు కాదా?”

పీట మీది వాడు తేనె పూసిన గొంతుతో అన్నాడు: “పాపం, నా కోసం ప్రాణమిచ్చిన వీరనారి. నాకామె మీద కోపం లేదు. వేపమండలతో సాగనంపి, ఆమె పేర సత్రం కట్టించండి మామగారూ. ముహూర్తం దాటుతోంది. తాళాలు...”

ఎంత చక్కగా మాట్లాడాడని! జనం కరిగిపోయారు. కొమ్మసాని ఒళ్ళు భగ్గుమంది. అంతలోనే ఆమెకు తట్టింది. తేనెలొలుకు మాటలవాడు! భట్టు పాటలో వీరుడికి నత్తి ఉండకూడదు కాబట్టి తీసేశాడు. ఘూకాక్షుడు వేషం కుట్టుకుంది పాట చూసి!

“అమ్మా కుముద్వతమ్మా!” అని అరిచింది. “ఆయన్ని మీరెప్పుడైనా చూసినారా? మాట్లాడినారా?”

కుముద్వతి అంతదాకా తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చి కాదు. “నా పెళ్ళి సంగతి నాకంటే ముందు గాజులమ్మేవాడికి తెలిసింది కొమ్మసానీ. వాడు చెబితే నేను విన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. చూశాను. పోయిన వసంతోత్సవంలో, ఏనుగుల పందెం దగ్గర.” పీట మీద వాడి వైపు తిరిగింది. “బావా, ఆ రోజు నన్ను పిలిచారు. మళ్ళీ ఒకసారి పిలవండి.”

“కుముద్వతీ!” అన్నాడు వాడు. అక్షరానికి అక్షరం ముత్యాల్లా పలికాడు.

కుముద్వతి పీట మీంచి లేచింది. “ఆయన రెండో అక్షరం దాకా రాలేకపోయారు. ‘కు’ దగ్గరే ఆగి, నవ్వేసి, చెరుకుగడ చేతికిచ్చి పోయారు. నాన్నగారూ, తాళాలు వెనక్కి తీసుకోండి. వీడు ఆయన కాడు!”

పీట మీది ముఖం మారలేదు, కళ్ళు మాత్రం మారాయి. గుండ్రంగా, పచ్చగా, రెప్పలార్పకుండా. వాడి చెయ్యి చటుక్కున కుముద్వతి మణికట్టు పట్టుకుంది. ఎర్రగాజులు చిట్లాయి.

“పట్టుకోండి! నరకండి!” అన్నాడు రాజు.

భటులు కత్తుల మీద చేతులు వేశారు. లాగారు. రాలేదు. కేకలు విని ద్వారం నుంచి పరిగెత్తుకొచ్చిన దొడ్డప్ప కాలు స్తంభానికి తన్నిపెట్టి లాగాడు, ఒర ఊడొచ్చింది గానీ కత్తి ఒరలోనే ఉంది. ఒక్క కత్తి కూడా బయటికి రాలేదు.

ఘూకాక్షుడు ఉదయకేతు నోటితో నవ్వాడు. “మీరే కదా ప్రమాణం చేశారు, మంగళంలో పేరున్న పెళ్ళికొడుకు మీద నీలగండి కత్తి లేవదని! ఈ రూపం నేను దొంగిలించాను నిజమే. ఒంటికి అతుక్కునేలా కుట్టింది మీ పాట. అది నిలిచినంతకాలం పెళ్ళికొడుకుని నేనే. మామగారూ, తాళాలు ఇస్తారా, చెయ్యి విరవనా?”

కుముద్వతి పళ్ళు బిగించింది. “ఇవ్వకండి నాన్నగారూ.” రాజు తాళాల గుత్తిని పళ్ళెంలోంచి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

కొమ్మసాని భటులకేసి చూడలేదు. మాంత్రికుడికేసి చూడలేదు. ఎవరిని పట్టుకోవాలో ఆమెకు తెలిసిపోయింది. ఒక్క దూకులో భట్టు శాలువా కొస అందుకుని అతన్ని అరుగు మీదికి ఈడ్చింది.

“పాట వెనక్కి తీసుకో! పాట పోతే వాడి వేషం ఊడతాది, ఆడ బాబు మీద రాయి దిగతాది!”

“అది... అది కుదరదు,” భట్టు గొంతు మొదటిసారి చెదిరింది. “పీఠం నోట వెలువడింది వెనక్కి తీసుకున్న చరిత్ర లేదు. మా తాతల కాలం నుంచి... రేపు ఎవరు మా మాట నమ్ముతారు? ఇంకేదైనా ఉపాయం చూద్దాం. కొత్త చరణం ఒకటి కలిపి, అర్థం మార్చి...”

“మెరుగులు దిద్దుతావా? ఇంకా మెరుగులేనా? నత్తి తీసేసి మెరుగు దిద్దినావు, నన్ను సంపేసి మెరుగు దిద్దినావు! ఆడ ఒక మనిషికి రాయి గుండెల దాకా వచ్చేసింది, ఈడ ఒక ఆడబిడ్డ చెయ్యి విరుగుతా ఉండాది, నీకు పరువు కావాల్సొచ్చిందా?”

జనంలోంచి ఎవరో, “చెప్పవయ్యా భట్టూ!” అన్నారు. ఇంకొకరెవరో, “వద్దు, అరిష్టం!” అన్నారు. మాంత్రికుడి పచ్చకళ్ళు మొదటిసారి భట్టుకేసి తిరిగాయి. వాడి నవ్వు ఆగిపోయింది. పందిరి వాసాల మీద ఎక్కడినుంచో వచ్చిన గుడ్లగూబలు ఒకటొకటిగా వాలి, భట్టు గొంతుకేసి ముక్కులు తిప్పాయి. పడమటి ఎండ స్తంభాల నడుమ నుంచి పొడుగ్గా సాగి పీటల దాకా వచ్చింది.

కొమ్మసాని తంబురను అతని చేతిలోంచి లాగి అవతలికి విసిరింది. తను గుడ్లగూబలకూ భట్టుకూ మధ్య నిలబడి, మొలలో దోపుకున్న విరిగిన కత్తి మొండి పైకెత్తి, వెనక్కి తిరగకుండానే అరిచింది:

“నేను అడ్డం ఉంటాను. నువ్వు అను. ‘ఎవరు ఎవర్ని పెళ్ళాడతారో నాకు తెలియదు, ఎవరు బతుకుతారో, ఎవరు సస్తారో నాకు తెలియదు, తెలిసినట్టు పాడినాను, అది అబద్ధం’ అను. రాగం వద్దు, పద్యం వద్దు, వట్టి మాటల్లో అను. వెనక వరసలో వాళ్ళకి గూడా వినపడాల. పొద్దు వాలతా ఉండాది భట్టూ, ఇప్పుడే అను!”